సుపేలానుంచి సముద్రందాకా

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని వార్త వచ్చిన రాత్రి సుపేలాలో మా వీధి త్వరగా నిద్రపోదు. సముద్రమట్టానికి దాదాపు మూడువందల మీటర్ల ఎత్తున, తీరానికి నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దూరాన, ఛత్తీస్‌గఢ్ మైదానం నడుమ ఉన్న ఊరిది. అయినా ఆ రాత్రి ఒక్కొక్క ఇంట్లోనే దీపం వెలుగుతుంది. ఫోనులు మోగుతాయి. "గాలి ఏ వైపునుంచి?" "పడవలు గట్టుకు చేర్చారా?" "ముసలివాళ్ళను బడిలోకి తీసుకుపోయారా?" అనే ప్రశ్నలు కిటికీలలోంచి వినవస్తాయి. దారినపోయే ఛత్తీస్‌గఢీ పొరుగువారు కూడా ఆగి, మీ వాళ్ళంతా క్షేమమేనా అని హిందీలో అడుగుతారు. ఇన్నేళ్ళ సహవాసంలో మా సముద్రభయం వారికీ కొంత అంటుకున్నది.

సుపేలా భిలాయి ఉక్కునగరంలో ఒక భాగం. జి.ఇ. రోడ్డును ఆనుకొని, దుకాణాలతో, ఆదివారపు సంతతో, ఎప్పుడూ కిటకిటలాడుతూ ఉంటుంది. కర్మాగారం కట్టిన సెక్టార్లలో చెట్లు, విశాలమైన వీధులు, వరుస క్వార్టర్లు ఉన్నాయి. సుపేలాలో ఆ క్రమశిక్షణ కనిపించదు. ఎవరికి వీలైనట్లు వారు కట్టుకున్న ఇళ్ళు, ఇంటి ముందే కొట్లు, కొట్ల ముందే బళ్ళు. ఆదివారం సంతలో నాలుగడుగులు వేస్తే ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియా, తెలుగు, బెంగాలీ, పంజాబీ చెవినపడతాయి. భిలాయిని 'చిన్న భారతదేశం' అనడం ఇక్కడివారికి అలవాటు.

సోవియట్ రష్యా సహాయంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం నిర్మించడానికి 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. ఆ నాలుగేళ్ళలోనూ, ఆ తరువాతనూ మట్టి తవ్వడానికి, రాళ్ళు మోయడానికి, ఇనుప దూలాలు ఎత్తడానికి దేశం నలుమూలలనుంచి జనం తరలివచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి వచ్చినవారు వారిలో ఎందరో. వారిని మోసుకువచ్చింది రాయపూర్–విజయనగరం రైలుమార్గం. ఆ దారి 1931లో పూర్తయింది. 1933లో తెరుచుకున్న విశాఖపట్నం రేవుకు మధ్యభారతపు సరుకు చేరవేయడానికి వేసిన దారి అది. ఆ దారినే కూలివాడూ వచ్చాడు.

మా నాన్నగారు అలా వచ్చినవారే. ఆయన అన్నగారు, అంటే మా పెదనాన్న, ఊళ్ళోనే ఉండిపోయారు. ఊరంటే శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రపు ఒడ్డునే ఉన్న ఒక పేట. అన్న వల పట్టాడు, తమ్ముడు పార పట్టాడు. నేను సుపేలాలో పుట్టి, ఇక్కడి కళాశాలలోనే ఆంగ్లసాహిత్యం చదువుకున్నాను. సముద్రం మీద నాకున్న జ్ఞానంలో సగం వేసవి సెలవులలో పెదనాన్న ఇంట సంపాదించినది. తక్కిన సగం ఇంగ్లీషు నవలల్లోది. 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో యార్మత్ బెస్తవారు పడవనే ఇల్లుగా చేసుకున్నారని చదివినప్పుడు, పెదనాన్న పాక వెనుక బోర్లించిన తెప్పే నా కళ్ళముందు మెదిలింది.

అనువాదం నా వృత్తి. ఇటీవల తీరప్రాంతాల మీద ఒక నివేదిక తెలుగు చేయవలసివచ్చింది. అందులో ఒక మాట దగ్గర నా కలం ఆగిపోయింది. ముంచుకువస్తున్న సముద్రం ముందునుంచి, ముందుగానే ఆలోచించుకొని, పద్ధతిప్రకారం ఊళ్ళను లోపలికి తీసుకుపోవడాన్ని ఇంగ్లీషులో 'మేనేజ్డ్ రిట్రీట్' అంటున్నారు. 'సువ్యవస్థిత ఉపసంహరణ' అని వ్రాసి చదువుకుంటే ఏదో సైన్యం వెనుదిరిగినట్లుంది. కొట్టివేశాను. ఆ వారంలోనే ఊరినుంచి కబురు. పెదనాన్న ఇంటి ముందరి కొబ్బరిచెట్టు సముద్రంలో పడిపోయింది. ఆయనకు ఎనభై దాటాయి. నాన్నగారు ఇప్పుడు లేరు. "వెళ్ళి ఆయన్ను ఇక్కడికి తీసుకురా" అన్నది అమ్మ. ఆ పనిమీద బయలుదేరాను.

*

దుర్గ్‌నుంచి విశాఖకు 2024 సెప్టెంబరులో వందే భారత్ రైలు మొదలయింది. ఎనిమిది గంటలలో చేరుస్తుంది. అయితే మా వాళ్ళ ప్రయాణాలకు రాత్రి రైలే అలవాటు. మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబాంజీ, టిట్లాగఢ్ చీకట్లో దాటిపోతాయి. తెల్లవారుజామున రాయగడ దగ్గర కొండలు కనిపిస్తాయి. పార్వతీపురం రాగానే ప్లాట్‌ఫారం మీద కేకలు తెలుగులో వినిపిస్తాయి. చిన్నప్పుడు అక్కడ నాన్నగారు కిటికీలోంచి తల బయటకు పెట్టి, "ఇక మన గాలి" అనేవారు.

ఈసారి నేను చూసినది ఎదురుగా వచ్చే గూడ్సు బళ్ళను. పెట్టె తరువాత పెట్టె, నల్లని బొగ్గు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ గనుక, ఉక్కు తయారీకి కావలసిన కోకింగ్ బొగ్గును చాలావరకు విదేశాలనుంచి తెప్పించుకుంటారు. అది విశాఖ రేవులో దిగి, ఇదే పట్టాలమీద భిలాయికి ఎక్కివస్తుంది. ఒక టన్ను ఉక్కు తయారయ్యేసరికి సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ప్రపంచం మొత్తంమీద మానవుడు వదలే ఆ వాయువులో ఏడు శాతం దాకా ఇనుము, ఉక్కు పరిశ్రమదే. ఆ వాయువు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ వేడిలో అత్యధిక భాగాన్ని సముద్రం తాగుతుంది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. దానికి తోడు కరిగిన హిమానీనదాల నీరు వచ్చి చేరుతుంది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. జానెడు ఎత్తు. వినడానికి స్వల్పమే. కాని వాలు తక్కువగా ఉన్న ఇసుక తీరంలో నీరు జానెడు లేస్తే అలలు ఎన్నో గజాలు లోపలికి వస్తాయి.

తమ్ముడు ఉక్కునగరానికి వెళ్ళి సంపాదించిన డబ్బుతో అన్న ఇంటికి పెంకు వేయించాడు. ఆ ఇంటిని ఇప్పుడు సముద్రం అడుగుతున్నది. ఈ రెండింటినీ కలిపే దారమేదో ఆ గూడ్సు బళ్ళలో ఉన్నదనిపించి, విజయనగరంలో దిగేదాకా నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారు ఈ లెక్కలు ఎన్నడూ వినలేదు. వినివుంటే మాత్రం ఏమి చేయగలిగేవారు?

*

విజయనగరంలో రైలు మారి పలాసలో దిగాను. అక్కడినుంచి తీరందాకా పరచుకొన్నది ఉద్దానం. ఉద్యానమనే మాటే ఇలా మారిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో చల్లగా ఉండే నేల. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. లక్షలాది కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. ఆనాడు సుపేలాలో మేము నాలుగు రోజులు ఫోను పట్టుకొని కూర్చున్నాము. అయిదవ రోజున పెదనాన్న గొంతు వినిపించింది. "మడుసులం ఉన్నాం. చెట్లు నేవు" అన్నారు. కూలిన చెట్ల స్థానంలో నాటిన మొక్కలు ఇప్పుడు చాలాచోట్ల ఏపుగా పెరిగాయి. కాని కొబ్బరిమొక్క కాపుకు రావడానికి అయిదారేళ్ళు, నిండు కాపుకు అంతకుమించి పడుతుంది. ఈలోగా పెళ్ళికి ఎదిగిన కూతురు ఆగదు, అప్పు ఆగదు. అందుకే ఎందరో యువకులు రైలెక్కారు.

తుపానులు ఈ తీరానికి కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించారు. అప్పట్లో హెచ్చరిక చేరే దారిలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు ఒడిశా, ఆంధ్ర తీరాలలో దాదాపు పదిలక్షలమందిని ముందుగానే ఖాళీ చేయించారు. మరణాలు పదులలోనే ఆగాయి. మరుసటి ఏడు అదే అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్ని తాకింది. ప్రాణాలు కాపాడుకోవడం మనం నేర్చుకున్నామని చెప్పాలి. తుపాను వెళ్ళిపోయాక బ్రతకడమెలాగన్నదే ఇంకా తేలని విషయం.

ఉష్ణమండల హిందూమహాసముద్రపు ఉపరితలం 1951–2015 మధ్య సుమారు ఒక డిగ్రీ వేడెక్కినట్లు కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన గ్రంథం చెప్పింది. మన సముద్రాలలో తుపానుల సంఖ్య గత శతాబ్ది మధ్యనుంచి చూస్తే తగ్గిందనీ, అయితే వర్షాకాలం వెళ్ళాక వచ్చే అతితీవ్ర తుపానులు 2000 తరువాత పెరిగాయనీ అదే గ్రంథం తెలిపింది. పెదనాన్న ఈ మాటనే మరోలా అన్నారు: "అప్పుడు ఏటా వచ్చీవి, కసిరీసి ఎల్లిపోయీవి. ఇప్పుడు వొచ్చిందంటే ఇల్లు చూసుకునే వస్తాది."

*

పెదనాన్న గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నారు. చూపు ఆనకపోయినా వేళ్ళకు వల కన్నులు తెలుసు. నన్ను చూసి లేవబోయి, "ఏటి తల్లీ, ఇంత ఎండలో వచ్చినావు" అన్నారు. కాళ్ళు కడుక్కోవడానికి పెద్దమ్మ నీళ్ళిచ్చింది. నోట పడిన చుక్క ఉప్పగా తగిలింది. చిన్నప్పుడు ఆ నూతి నీరే తాగేవాళ్ళం. ఇప్పుడు అది గిన్నెలు కడగడానికే. తాగే నీరు కొనుక్కొని తెచ్చుకుంటున్నారు.

సాయంత్రం ఆయన నా చెయ్యి పట్టుకొని గుమ్మంనుంచి నీటిదాకా నడిపించారు. ఈ నడక మాకు పాత ఆట. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన అడుగులు లెక్కపెట్టించేవారు. నాకు పదేళ్ళప్పుడు ఇసుకదిబ్బ ఎక్కి దిగి, మొగలిపొదలు దాటి, సరుగుడు తోపులోంచి పోతే మూడువందల యాభై అడుగులు. అవి పసిపిల్ల అడుగులే అనుకోండి. ఈసారి తొంభైమూడు. దిబ్బ లేదు. మొగలిపొదల చోట అలలు విరుగుతున్నాయి. పడిపోయిన కొబ్బరిచెట్టు మొదలు మాత్రం నీటిలో నల్లగా కనబడుతున్నది.

ఇదంతా పెరిగిన సముద్రమట్టం చేసిన పనే అంటే సగం నిజమే చెప్పినట్లవుతుంది. మన తూర్పుతీరం వెంబడి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణంనుంచి ఉత్తరానికి ప్రవహిస్తూ ఉంటుంది. దారిలో ఎక్కడైనా సముద్రంలోకి రాతికట్ట కడితే దక్షిణపు వైపున ఇసుక పేరుకుంటుంది, ఉత్తరపు వైపున తీరం కోసుకుపోతుంది. విశాఖ రేవు కట్టినప్పుడే ఇంజనీర్లకు ఈ సంగతి తెలుసు. 1930లలో రెండు పాత ఓడలను ముంచి ఇసుకకు అడ్డుకట్టగా వాడారు. ఇప్పటికీ రేవునుంచి తవ్విన ఇసుకను నగరపు బీచికి పోస్తుంటారు. ఇంకొక కారణం నదులు. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడంతో గోదావరి సముద్రానికి చేర్చే మట్టి బాగా తగ్గిపోయింది. నది పోసే మట్టితోనే పెరిగిన తీరం, ఆ మట్టి అందక తరుగుతున్నది. దేశపు తీరంలో 1990–2018 మధ్య మూడోవంతు కోతకు గురైందని జాతీయ తీర పరిశోధన కేంద్రం తేల్చింది.

జాందానీ చీరెలకు పేరుపొందిన ఉప్పాడను చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. కాకినాడనుంచి ఉప్పాడకు పోయే బీచిరోడ్డు ఎన్నిసార్లు వేసినా అలలు కొట్టుకుపోతూనే ఉన్నాయి. రాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టపుసంచులు పేర్చారు. సముద్రం వాటినీ కుదిపింది. ఒడిశాలో గంజాం జిల్లా ఋషికుల్య ముఖద్వారం దగ్గర పొడంపేట అనే తెలుగు బెస్తవారి ఊరు ఇళ్ళు కోల్పోయి లోపలికి తరలిపోవలసివచ్చింది. విశాఖలో వైశాఖేశ్వరుని గుడి సముద్రంలో కలిసిపోయిందని తరతరాలుగా చెప్పుకుంటారు. ఇంగ్లండులో డన్‌విచ్ అనే మధ్యయుగపు రేవుపట్నం తుపానులకు కొంచెం కొంచెంగా కరిగిపోయి, ఇప్పుడు చిన్న పల్లెగా మిగిలింది. సముద్రం ఊళ్ళను మింగడం పురాతనమైన సంగతే. ఇప్పుడు దాని ఆకలిని పెంచుతున్నది మనం.

పేటలో యువకులు తక్కువగా కనిపించారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరమంతటా వేట నిషేధం. అది చేపల సంతతికి మంచిదే. తక్కిన పదినెలలైనా వలనిండా పడితే ఎవరూ ఊరు వదలరు. కానాగంతలు, కవళ్ళు ఒకప్పుడు ఒడ్డునే పడేవట. ఇప్పుడు దూరం పోవాలి, డీజిలు కాల్చాలి. మర పడవలు అతిగా వేటాడడం దీనికొక కారణం. నీరు వేడెక్కినకొద్దీ ఈ చేపలు తమ నెలవులు మార్చుకుంటున్నాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కూడా గుర్తించారు. అందుచేత ఇక్కడి కుర్రవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి, అక్కడి పడవలమీద కూలికి వేట చేస్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మన జిల్లాల మత్స్యకారులను సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకొన్నది. దాదాపు పద్నాలుగు నెలలు చెరలో ఉండి, 2020 జనవరిలో ఇరవైమంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. సొంత సముద్రం ఇంటిముందే ఉండగా పరాయి సముద్రంలో చేప కోసం పోవలసిరావడం వారి దుర్గతి.

*

రాత్రి భోజనాలయ్యాక అసలు సంగతి ఎత్తాను. "పెదనాన్నా, అమ్మ రమ్మన్నది. పెద్దమ్మనూ తీసుకుని సుపేలా వచ్చేయండి. అక్కడ గది ఉంది."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మీ ఊరొకసారి వచ్చినాను గదా. మే నెల. ఆ ఎండకు పది రోజులుండనేకపోనాను. గాలిలో ఉప్పు నేదు" అన్నారు. నిజమే. మా ఊళ్ళో వేసవిలో ఎండ నలభైఅయిదు డిగ్రీలకు ఎక్కుతుంది. సముద్రాన్నుంచి పారిపోయి వచ్చేవాడికి సుపేలా చలువపందిరి కాదు.

"మరి అల ఇంట్లోకి వస్తే?"

"వొస్తాది. వొస్తే మనవే జరగాలి తల్లీ. అది జరగదు."

ఆ మాట నన్ను పట్టుకుంది. తెలుగులో 'జరగడం' అంటే పక్కకు తప్పుకోవడం, 'జరగడం' అంటే సంభవించడం కూడాను. వారాల తరబడి నేను వెదుకుతున్న మాట ఇదే. పంక్తిలో కొత్తగా వచ్చిన అతిథికి చోటివ్వడానికి మనం జరుగుతాము. అందులో ఓటమి లేదు, సైన్యమూ లేదు. కాని జరగడానికి పక్కన చోటుండాలి. ఊరివెనుక స్థలం ఎవరిది? ఇంటిపట్టా ఎక్కడ ఇస్తారు? కొత్త ఇంటినుంచి పడవదాకా ఎంత దూరం? మరబోటు లేనివాడు రోజూ రెండు మైళ్ళు వల మోసుకు నడుస్తాడా? జరగమని చెప్పేవారు ఈ ప్రశ్నలకు జవాబు ముందు చెప్పాలి. పెదనాన్నకు ఊరివెనుక అరెకరం జీడితోట ఉంది. తుపాను దానిని కూల్చింది గాని నేలను తీసుకుపోలేదు. అక్కడ చిన్న ఇల్లు వేసుకుంటే చాలునంటారు ఆయన. ఆ స్థలం లేని పక్కింటివాళ్ళ మాటేమిటని అడిగితే, "అదే గదా" అని ఊరుకున్నారు.

ఆయన రాలేదు. ఆయన మనుమడిని, ఇంటర్ ప్యాసైన కుర్రవాణ్ణి, నాతో పంపించారు. "వాడికి ఇనుము పని నేర్పించు. సంద్రం వాడికి అబ్బనేదు" అన్నారు. బయలుదేరేముందు పెద్దమ్మ ఎండుచేపల మూట కట్టి ఇచ్చింది. రైల్లో ఆ వాసనకు తోటివారు ముక్కు మూసుకుంటే, కుర్రవాడు సిగ్గుపడి మూటను సీటు కిందికి తోశాడు. అరవైయేళ్ళ కిందట నాన్నగారు కూడా ఇలాగే మూట దాచుకొని ఉంటారు. అప్పుడు ఆయన్ను పంపించినది పేదరికం. ఇప్పుడు వీణ్ణి పంపిస్తున్న వాటిలో వేడెక్కిన సముద్రమూ ఒకటి.

తెల్లవారుతుండగా భిలాయి సమీపించింది. కర్మాగారపు పొగగొట్టాలు, వాటిపైన ఎర్రని వెలుగు. కుర్రవాడు లేచి కిటికీకి ముఖం ఆనించి అబ్బురంగా చూశాడు. ఆ పొగను చూపించి వాడికి ఏమి చెప్పాలో నాకు తోచలేదు. మా ఇంటి అన్నం అక్కడినుంచే వచ్చింది. దేశం నడిచే రైలుపట్టాలు ఎన్నో అక్కడినుంచే వచ్చాయి. ఉక్కు వద్దని ఎవరూ అనలేరు. బొగ్గు తగ్గించి ఉక్కు చేసే మార్గాలను ప్రపంచమంతటా వెదుకుతున్నారు. ఈ కుర్రవాడు నేర్చుకునే ఇనుము పని ఆ కొత్త పద్ధతిలో ఉండాలని మనసులో కోరుకున్నాను.

నివేదికలో ఆ మాట దగ్గర 'ఊళ్ళు జరగడం' అని వ్రాసి పంపించాను. సంపాదకులు మార్చలేదు.

పెదనాన్న ప్రతి పౌర్ణమికీ ఫోను చేస్తారు. పోటు పెద్దదిగా ఉండే రోజు అది. కుశలప్రశ్నలయ్యాక అడుగుల లెక్క చెబుతారు. కిందటి పౌర్ణమికి ఎనభైఎనిమిది. ఆ అంకెను క్యాలెండరు మీద వ్రాసుకున్నాను. పక్కనుంచి కుర్రవాడు ఫోను అందుకొని, "తాతా, జీడితోటలో పునాది తీయించు. కూలి డబ్బులు నేను పంపిస్తాను" అన్నాడు.